పట్టా చేనులో ముక్కుపుడకలు

మా ఏరు ఎక్కడుందో ప్రభుత్వానికి తెలుసు. ఆ సంగతి ఏరుకు తెలియకపోవడం వల్లనే ఇంత తంటా వచ్చింది.

మాది రాళ్ళరేవు. ఊరి పక్కనే సింగేరు పారుతుంది. పెద్ద ఏరేమీ కాదు. వానాకాలం ఊరి మీదికి వస్తుంది, చలికాలం మోకాలిలోతుకు దిగుతుంది, ఎండాకాలం ఇసుకలో చెలిమె తవ్వుకుంటే బిందెడు నీళ్ళిస్తుంది. అందులో ముక్కుపుడక అనే చేప ఉంటుంది. బొటనవేలంత ఉంటుంది. మూతికి ఒక పక్కన పసుపుపచ్చని చుక్క మెరుస్తుంది, అందుకని ఆ పేరు. తొలి వరదకు ఎదురెక్కి వచ్చి గులకరాళ్ళ సందుల్లో గుడ్లు పెడుతుంది. దాన్ని ఎవరూ తినరు. ముళ్ళు తీసేస్తే చేతిలో మిగిలేది పేరొక్కటే.

ఒక ఏడు పట్నం నుంచి చేపల శాస్త్రం చదివినాయన వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు నీళ్ళలోకి చూసి, ఈ చేప భూమ్మీద ఇంకెక్కడా లేదని చెప్పాడు. మేము సంతోషించాం. ఇంకెక్కడా లేనిది మా ఊళ్ళో ఉండడం కొత్త. మామూలుగా ఎక్కడ పడితే అక్కడ ఉండేవి కూడా మా ఊళ్ళో ఉండవు.

ఆయన వెనకే దేశవాళీ మత్స్య కీలక నివాస సంరక్షణ విభాగం వచ్చింది. జీపులో వచ్చింది. అందులోంచి ప్రాంతీయ సంరక్షణాధికారి విశ్వంభరరావు గారు దిగారు. ఏరును ఉపగ్రహంతో కొలిచారు. రేవు నుంచి పైవంపు దాకా కీలక నివాసమని గెజిట్లో అచ్చు వేయించారు. ఆ హద్దుల్లో బర్రెలు దిగరాదు, బట్టలుతకరాదు, బండ్లు దాటరాదు, ఇసుక ఎత్తుకుపోరాదు, చెప్పులతో నడవరాదు, పెద్దగా మాట్లాడరాదు.

కాపలాకు ఒక మనిషి కావలసి వచ్చాడు. పంచాయతీ ఆఫీసు ముందర మమ్మల్ని వరసగా నిలబెట్టారు. అందరూ తమ తమ అర్హతలు చెప్పుకున్నారు. నా వంతు వచ్చింది.

"పేరు?"

"ఓదెలు."

"నీ ప్రత్యేకత ఏమిటి?"

ఆలోచించాను. ఏమీ తోచలేదు. ఊరుకున్నాను.

"ఇతను మాట్లాడడా?" అని సర్పంచిని అడిగారు.

"వాడా సార్? పెండ్లి నాడు సుత మాట్లాడలే. పిల్లగాడు మూగోడేమోనని పిల్ల తల్లి ఏడ్సింది" అన్నాడు సర్పంచి.

"శబ్ద కాలుష్యం శూన్యం" అని రాసుకున్నారు విశ్వంభరరావు గారు. "సరిపోతాడు."

నిజానికి ఆ ఉద్యోగం మా అన్న కొమురయ్యకు దక్కవలసింది. సర్కారు నౌకరి కోసం ఆయన బతికినన్నాళ్ళూ తిరిగాడు. చెరువు కింద నీరటి పనికి, బడిలో గంట కొట్టే పనికి, పోస్టు సంచి మోసే పనికి, దేనికి పోయినా ఒక మాట ఎక్కువ మాట్లాడి వచ్చేవాడు. ఆయన పోయాక ఏటి పక్కన రెండెకరాల చేను, కొయ్యకు వేలాడే గళ్ళ అంగీ, మా వదిన బుచ్చవ్వ మిగిలారు. ఆయన మాటలన్నీ వదినకు సంక్రమించాయి.

ఉన్నమాట చెప్పుకోవాలి. మొదటి ఏడు బాగానే జరిగింది. బర్రెల్ని దిగువకు తోలుకున్నాం. ముక్కుపుడకలు పెరిగాయి. ఒక పెండ్లి ఊరేగింపు ఏరు పక్కగా పోవలసి వస్తే డప్పుల వాళ్ళు పుల్లలు ఎత్తి తోలుకు తగలకుండా కొట్టుకుంటూ నడిచారు. ముందున్న మేనమామలు ఆ దరువుకే ఎగిరారు.

మరుసటేడు శ్రావణంలో పైన ఎక్కడో విరగబడి వాన కురిసింది. తెల్లారి పోయి చూస్తే ఏరు లేదు.

లేదంటే ఎండిపోయిందని కాదు. జరిగింది. పైవంపు దగ్గర గట్టు తెంచుకుని, అడ్డదారిన పడిపోయి, రేవు అవతల మళ్ళీ పాత దారిలో కలిసింది. ఆ అడ్డదారి మా వదిన చేను. మా తాత కాలంలో కూడా ఒకసారి ఇట్లాగే జరిగిందట. అప్పట్లో గెజిట్ లేదు కనుక ఎవరూ కంగారు పడలేదు. ఎవరి చేనును ఏరు తీసుకుంటే వాళ్ళు పాత ఏటి ఇసుకలో గుంటలు తీసి పుచ్చ, దోస పెట్టుకునేవాళ్ళు. ఏరు తిరిగి పోయేదాకా అదే వాళ్ళ చేను. ఊళ్ళో అది కట్టుబాటు.

వదిన గట్టు మీద నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఓదెలూ, నా చేన్ల నుంచి ఏరు పోతున్నది. కౌలేమన్న ఇస్తదా?"

నేను నీళ్ళ వైపు చూశాను.

"మక్కజొన్న నిలువెత్తు పెరిగిందిరా. పీచు పట్టే యాళ్ళకు తీస్కపోయింది. మీ అన్న ఉంటే ఇయ్యాల దీనితోని కొట్లాడి తీసేటోడు. నువ్వున్నవ్, దానికి దారి చూపేటట్టు నిలబడ్డవ్."

నీళ్ళు తేటపడ్డాక దిగి చూశాను. మక్కజొన్న మోళ్ళ మధ్య ఏరు గులకరాళ్ళు పరుచుకుంది. వాటి సందుల్లో ముక్కుపుడకలు తిరుగుతున్నాయి. అవి గెజిట్ చదవలేదు. నీళ్ళ వెంట పోయాయి.

విశ్వంభరరావు గారు కార్తీకంలో తనిఖీకి వచ్చారు. చేతిలో ఉపగ్రహం మాట వినే యంత్రం ఒకటి ఉంది. పాత ఏటి ఇసుకలో అటూ ఇటూ నడిచి ఒక చోట ఆగారు. యంత్రం కూసింది.

"మనం ఇప్పుడు నది మధ్యలో ఉన్నాం" అన్నారు. అని, వంగి ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకున్నారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. వెనక వచ్చిన సిబ్బంది కూడా మడుచుకున్నారు. కాళ్ళ కింద ఇసుక పిండిలాగా ఉంది.

"లోతు?" అన్నారు.

"లేదు సార్."

"లేదు అనేది కొలత కాదు, ఓదెలూ. సున్నా సెంటీమీటర్లు అనాలి."

"సున్న సార్."

"ప్రవాహ వేగం?"

"సున్న."

"శ్రేష్ఠం. గుడ్లు పెట్టే జాతికి నెమ్మదైన ప్రవాహం అనుకూలం."

వదిన ఒడ్డున నిలబడి ఇదంతా చూస్తోంది. "సార్, ఏరు గాడ లేదు. గిటున్నది, నా చేన్ల" అని చెయ్యి చూపింది.

ఆయన చెయ్యి చూపిన వైపు చూడలేదు. యంత్రంలోకి చూశారు. "రికార్డు ప్రకారం అది పట్టా వ్యవసాయ భూమి, అమ్మా. అందులో నీళ్ళుంటే అవి సాగునీళ్ళు."

"సాగునీళ్ళు గింత సప్పుడు చేస్తయా?"

"కొన్ని చోట్ల చేస్తాయి."

"అండ్ల మీ చేపలున్నయ్ సార్."

"ఉండవచ్చు. కానీ అవి కీలక నివాసాన్ని తమ ఇష్టపూర్వకంగా విడిచి వెళ్ళాయి. సంరక్షణను స్వచ్ఛందంగా వదులుకున్న చేపల విషయంలో విభాగం చేయగలిగింది ఏమీ లేదు."

"అయితే మీ గీతలే జర ఇటు జరపున్రి."

విశ్వంభరరావు గారు నొచ్చుకున్నారు. "నది జరిగిందని విభాగం జరగదు. అలా జరుగుతూ పోతే పరిపాలన నిలబడదు. హద్దుల గురించి నదికి ముందే తెలియజేశాం."

"ఎట్ల తెలియజేసిన్రు?"

"బోర్డు పెట్టాం."

అది నిజమే. ఒడ్డున బోర్డు ఉంది. ఏటి వైపు ముఖం పెట్టి ఉంది.

వదిన ఇసుక వైపు చూసి, "పోనీ సార్, నా చేను ఏరు కిందికి పోయింది గదా, ఈ ఇసుకల పుచ్చ పెట్టుకుంట" అంది.

"నదిలో పుచ్చా?" ఆయన సిబ్బంది వైపు చూసి నవ్వారు. సిబ్బంది కూడా నవ్వారు. "నదిలో నీళ్ళుంటాయి, అమ్మా. విత్తనం కుళ్ళిపోతుంది. అసాధ్యమైన పనికి అనుమతీ ఉండదు, నిషేధమూ ఉండదు."

ఆ చివరి మాట వదిన చెవిలో పడింది.

పోయేముందు విశ్వంభరరావు గారు నివాసం మీద తన శ్రద్ధ చూపించారు. నదిలో గస్తీకి పడవ మంజూరు చేశారు. నారింజ రంగు ప్రాణరక్షణ కవచం ఒకటి నాకు తొడిగి, పడవలో ఉన్నంతసేపూ తీయరాదన్నారు. నదిలో తాత్కాలిక జలలేమి ఉన్నందువల్ల వారం వారం ట్యాంకరుతో నీళ్ళు పోయించాలని ఆజ్ఞ రాశారు.

అట్లా నేను ఇసుకలో పడవ వేసుకుని, కవచం తొడుక్కుని, తెడ్డు పట్టుకుని కూర్చున్నాను. సంతకు పోయే వాళ్ళు ఆ ఇసుక దాటితే అవతలి ఊరు. కానీ అది కీలక నివాసం కనుక వంతెన మీదుగా చుట్టు తిరిగి పోయేవాళ్ళు. పోతూ పోతూ పలకరించేవాళ్ళు.

"ఏమే ఓదెలూ, నీళ్ళు సల్లగున్నయా?"

"జర భద్రంరో, గాలికి పడవ బోర్ల పడ్తది!"

నేను తెడ్డు ఎత్తి చూపేవాణ్ణి. అది గస్తీలో భాగం అనుకుని పోయేవాళ్ళు.

మాఘంలో వదిన గడ్డపార, పుచ్చ గింజలు పట్టుకుని వచ్చింది. నేను కాపలాదారుణ్ణి, ఆపవలసిన వాణ్ణి. నిబంధనలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. చెప్పులతో నడవరాదని ఉంది. వదిన చెప్పులు విప్పి ఒడ్డున పెట్టింది. పెద్దగా మాట్లాడరాదని ఉంది. గుంటలు తీసినంతసేపూ వదిన నోరు మెదపలేదు. నా ఎరుకలో అది మొదటిసారి. బర్రెలు లేవు, బండ్లు లేవు, బట్టలు లేవు. తవ్విన ఇసుక గుంట పక్కనే ఉంది. పుచ్చ సంగతి అసాధ్యమని సారే చెప్పారు. అసాధ్యమైన దాన్ని ఎట్లా ఆపాలో నాకు తెలియలేదు. తెడ్డు పక్కన పెట్టి గింజలు అందించాను.

ట్యాంకరు వారం వారం వచ్చి నదిలో నీళ్ళు పోసింది. తీగెలు బాగా పాకి కాయలు పట్టాయి.

సరిగ్గా అప్పుడు కాంట్రాక్టరు దామోదర్ వచ్చాడు. తెల్ల చెప్పులు, తెల్ల అంగీ. చేన్లో పారుతున్న ఏటిని ఒడ్డున నిలబడి చూసి, అది తన ఇంట్లో దొరికినట్టు నవ్వాడు. పట్టా భూముల్లో వరదకు పడ్డ ఇసుక మేటల్ని తొలగించి రైతును ఆదుకోవాలని ఒక ఉత్తర్వు ఉందట. ఆదుకునే పని తనకు వచ్చిందట.

"అక్కా, నీ చేన్ల ఇసుకంత తీసి పారేస్త. సోమవారం మిషన్ దించుత. నీకు రూపాయి ఖర్చు లేదు" అన్నాడు.

"నేను తియ్యమన్ననా?"

"నువ్వు అనేదేంది అక్కా. ఇది సాయం. సాయానికి ఒప్పుకోలు అక్కర్లేదు."

"ఎంత లోతు తీస్తవ్?"

"ఇసుక ఉన్నంత లోతు."

ఇసుక ఎంత లోతు ఉందో మా ఏటి ఒడ్డున పుట్టిన వాళ్ళకు తెలుసు. నిలువెత్తు తీసినా ఇసుకే వస్తుంది. ఆ గుంటలు పడ్డాక ఏరు ఆ చేను వదిలి పోయినా చేను తిరిగి రాదు. చేపలు గుడ్లు పెట్టే గులకరాయి ఒక్కటి మిగలదు. వదిన రెండెకరాలూ, భూమ్మీద ఇంకెక్కడా లేని చేపా ఒకే లారీలో పోతాయి.

వదిన నన్ను వెంటబెట్టుకుని విశ్వంభరరావు గారి ఆఫీసుకు పోయింది. గోడ నిండా ముక్కుపుడక బొమ్మ వేయించి ఉంది, బర్రె అంత. ఆయన దాని కింద కూర్చుని ఉన్నారు.

"చేపల తల్లిగారిల్లు తవ్విపోస్తరంట సార్" అంది వదిన.

"విన్నాను. బాధాకరం. కానీ అవి పట్టా భూమిలోని చేపలు. ఒకరకంగా ప్రైవేటు చేపలు. మా పరిధి నది వరకే."

"గా నదిల నీళ్ళు లేవు సార్."

"అందుకే కదా అక్కడ ఒక్క ప్రమాదం కూడా జరగలేదు" అన్నారు.

నేను గోడ మీది బొమ్మ వైపు చూశాను. కన్ను తప్పు చోట వేశారు. ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వదిన కూడా ఏమీ అనలేదు. నాకు భయం వేసింది.

శనివారం వ్యవసాయ విస్తరణాధికారి స్వరూప మేడం యాసంగి పంటల నమోదుకు వచ్చింది. ఏ చేన్లో ఏ పంట ఉందో చూసి, చేతిలోని పలకలాంటి ఫోన్లో ఎక్కిస్తుంది. రైతు పంటలో నిలబడితే ఫోటో తీస్తుంది. పొద్దున్నుంచి ఎండలో తిరిగి తిరిగి అలిసిపోయి ఉంది. వదిన చేను దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఇదేందమ్మా? ఇది ఏరు గదా?"

"కాదు మేడం, చేనట. పెద్ద సారు చెప్పిండు. అండ్ల ఉన్నయి సాగునీళ్ళట."

మేడం ఫోన్లో చూసింది. "అవును, పట్టా భూమి అనే చూపిస్తున్నది. ఏరు అని పెడదామంటే దీంట్లో ఆ గడి లేదు. ఏదో ఒక పంట పెట్టకపోతే ముందుకు పోనిస్తలేదు. ఏముందమ్మా చేన్ల?"

"చేపలు."

మేడం వదిన ముఖంలోకి చూసింది. నా ముఖంలోకి చూసింది. నా ముఖంలో ఎప్పుడూ ఏమీ ఉండదు. అప్పుడూ లేదు.

"ఎప్పుడు విత్తినవ్?"

"నేను విత్తలే మేడం. వాటంతట అవే మొలిచినయ్."

"ఎరువు?"

"ఎయ్యలే."

"పురుగుల మందు?"

"పురుగులను అవే తింటయ్."

"ప్రకృతి సేద్యం" అంది మేడం, ఆ గడి నొక్కుతూ. పొద్దున్నుంచి ఆమెకు ఆ గడి నొక్కే అవకాశం దొరకలేదట. ముఖం కొంచెం విప్పారింది. "సరే, పంటలకు దిగమ్మా. ఫోటో తీస్త."

వదిన చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మోకాలిలోతు నీళ్ళలో నిలబడింది. ముక్కుపుడకలు ఆమె పిక్కల చుట్టూ చేరాయి.

"పంట మంచిగ కనిపిస్తున్నది" అంది మేడం.

ఆమె పోయాక వదిన ఇంటికి పోయి గడ్డి, కర్రలు, పాత కుండ తెచ్చింది. కొయ్యకున్న గళ్ళ అంగీ కూడా తెచ్చింది. అన్న పోయినప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పంట ఉన్న చేన్లో దిష్టిబొమ్మ ఉండాలి కదా. కుండకు సున్నంతో కళ్ళు, మీసాలు పెట్టి, ఏటి నడుమ గులకదిబ్బ మీద బొమ్మను పాతాం. మెడలో నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. నాకు కవచంలో ఉక్కపోస్తోంది. తీసి తగిలించడానికి చోటు లేక బొమ్మకే తొడిగాను. పొద్దు వాలేసరికి దాని భుజం మీద ఒక లకుముకి పిట్ట వచ్చి కూర్చుంది.

"మీసాలు అట్లనే ఉన్నయ్ రా" అంది వదిన. చాలాసేపు గట్టు మీదనే కూర్చుంది.

సోమవారం మిషన్ వచ్చింది. దాన్ని నడిపేవాడు జాంగీర్, పక్క ఊరి రైతు కొడుకు. గట్టు ఎక్కి, నీళ్ళ అంచు దాకా వచ్చి, మిషన్ ఆపేశాడు.

"ఏమైందిరా?" అని కారులోంచి దామోదర్ కేకవేశాడు.

"సేటూ, చేన్ల బొమ్మున్నది."

"ఉంటే?"

"బొమ్మున్నదంటే పంటున్నది."

"నీళ్ళున్నయ్ రా, పంటేడిది!"

"పంట లేకుంటే బొమ్మెందుకు పెడ్తరు సేటూ? చేతికొచ్చే పంట మీద బండి ఎక్కియ్య. నాకు పిల్లలున్నరు" అని జాంగీర్ దిగి, మిషన్ నీడలో కూర్చుని బీడీ ముట్టించాడు.

దామోదర్ తెల్ల చెప్పులతో వదిన దగ్గరికి వచ్చాడు. "అక్కా, నాటకాలొద్దు. ఇది ఏరు. నీకెరికే, నాకెరికే."

"ఏరేనా?" అంది వదిన. "ఏరైతే నీ కాయిదం చెల్లదు తమ్మీ. నీది పట్టా చేను కాయిదం. ఏట్ల ముక్కుపుడకలు ఉన్న తావుల ఇసుక ఎత్తితే జేలట, బోర్డు మీద రాసున్నది."

"ఏరు కాదు, చేనే!"

"చేనైతే పంటున్నది. రాసుకపోయిన్రు. ఫోటో సుత తీసిన్రు. ఏదో ఒకటి చెప్పు తమ్మీ. నాకేమో రెండు తీర్ల ఒక్కటే."

దామోదర్ ఫోను తీశాడు. విశ్వంభరరావు గారు తనిఖీకి దగ్గరలోనే ఉన్నారు. జీపు దిగి, అలవాటుగా ప్యాంటు మడుచుకుని, పొడి ఇసుకలో అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు. దామోదర్ కబురంపితే స్వరూప మేడం కూడా వచ్చింది.

"సార్, ఒక్క మాట చెప్పున్రి. ఇది ఏరా, చేనా?" అన్నాడు దామోదర్.

విశ్వంభరరావు గారు నీళ్ళ ఒడ్డున నిలబడ్డారు. ఏరు ఆయన కాలివేళ్ళను తడిపి పోయింది. ఆయన అడుగు వెనక్కి వేశారు. ఇది ఏరని ఒప్పుకుంటే, ఇన్నాళ్ళు ట్యాంకర్లతో నీళ్ళు పోయించింది ఎక్కడ అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న ఆయన నుదుటి మీద చెమటగా వచ్చింది.

"ఇది నది కాదు" అన్నారు. "నది అక్కడ ఉంది. ఇది చేను."

"అట్ల చెప్పున్రి సార్!" దామోదర్ మిషన్ వైపు చెయ్యి ఊపాడు.

"ఒక్క నిమిషం" అంది స్వరూప మేడం. "చేనే. కానీ పంట నిలబడి ఉన్నది. మిషన్ దింపితే నేను నష్టం రాయాలె. చేపకు ఇంత అని మీ పేరు మీద."

"అవి పంట ఎట్లయితయి మేడం? అవి ఈ సారు చేపలు! అడుగున్రి!"

అందరూ విశ్వంభరరావు గారి వైపు చూశారు. నీళ్ళలో ముక్కుపుడకలు ఒకదాని వెనక ఒకటి మెరుస్తూ ఆయన ముందు నుంచే పోతున్నాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోలేదు.

"నా చేపలు నా నదిలో ఉన్నాయి" అన్నారు. "ఇవి పంట."

"ఎన్నున్నయ్ ఇవి?" అన్నాడు దామోదర్, గొంతు తగ్గించి.

"లెక్కపెట్టుకో" అంది వదిన.

దామోదర్ వంగి వేలు ఆడిస్తూ మొదలుపెట్టాడు. చేపలు నిలకడగా ఉంటే కదా. ఒకసారి పదిహేను దాకా వచ్చాడు, అందులో ఒకటి లెక్కించినదే తిరిగి వచ్చింది. కొంతసేపటికి నడుము పట్టుకుని లేచి, తెల్ల చెప్పులు దులుపుకుని కారెక్కాడు. జాంగీర్ బొమ్మకు ఒక దండం పెట్టి మిషన్ వెనక్కి తిప్పుకున్నాడు.

తిరిగి పోతూ విశ్వంభరరావు గారు నదిలో ఆగిపోయారు. కాలికి తీగె తగిలింది. "ఇదేమిటి?"

"పాచి సార్" అంది వదిన.

"ఇంత ఏపుగానా?"

"మీ ట్యాంకరు నీళ్ళు మంచియి సార్."

"ఆ గుండ్రంగా ఉన్నవి?"

"పాచికాయలు." వదిన ఒకటి కోసి, పగలగొట్టి ఆయన చేతికిచ్చింది. ఎర్రగా ఉంది. ఆయన నిలబడి తిన్నారు. సగం తిన్నాక గింజలు ఉమ్మి, నివాసంలో జలవృక్షజాలం సంతృప్తికరంగా ఉన్నదని సిబ్బంది చేత రాయించారు. జీపులోకి ఇంకో రెండు నమూనాలు పెట్టించుకున్నారు.

ఆ ఎండాకాలం మా నివాసానికి రాష్ట్రంలో మొదటి బహుమతి వచ్చింది. చేపల మరణాలు శూన్యం, వేట శూన్యం, నీటి కాలుష్యం శూన్యం. అన్ని గడుల్లోనూ శూన్యం సాధించిన నివాసం ఇదొక్కటేనట. వదినకు ఉత్తమ ప్రకృతి రైతు అని శాలువా కప్పారు. వేదిక మీద ఎవరో పెద్దమనిషి ఈ పంట మిగతా జిల్లాలకు కూడా విస్తరించాలన్నాడు. వదిన శాలువా కప్పుకుని వచ్చి పుచ్చతీగెలకు నీళ్ళు పోసింది.

ఆషాఢంలో వరద వచ్చింది. ఏరుకు మా వదిన చేనంటే మొహం మొత్తిందో, పాత ఇల్లు గుర్తుకొచ్చిందో, పైవంపు దగ్గర తెంచుకున్న గట్టును తానే పూడ్చుకుని పాత దారిన పడింది. చేన్లో జానెడు మందాన నల్లని ఒండ్రు వదిలి పోయింది. మునివేళ్ళతో నొక్కితే వెన్నలాగా దిగింది. కౌలు ఇచ్చే పోయిందనుకున్నాం.

వాన వెలిసిన పూట వదిన విత్తనాలు ఒళ్ళో పోసుకుని చేన్లోకి దిగింది. స్వరూప మేడం గొడుగు వేసుకుని వచ్చింది. "పోయినసారి పంట ఏమైందమ్మా?"

"పోయింది మేడం."

"ఎవరన్న కొన్నరా?"

"లేదు. నడుసుకుంట పోయింది."

మేడం ఆ గడి కోసం వెతుకుతుండగా జీపు వచ్చింది. విశ్వంభరరావు గారు దిగి, నిండుగా పారుతున్న ఏటిని చూసి ఛాతీ పెంచారు. "చూశావా ఓదెలూ! నది తిరిగి తన హద్దుల్లోకి వచ్చింది. బోర్డు ప్రభావం నెమ్మదిగా ఉంటుంది, కానీ ఉంటుంది."

తలాడించాను.

ఆయన కళ్ళజోడు మీద చినుకులు పడ్డాయి. చెయ్యి అడ్డం పెట్టుకుని ఏటి నడుమకు చూశారు. "అక్కడ ఎవరు?"

చూశాను. దిష్టిబొమ్మ. కవచం పుణ్యాన మునగకుండా వరద వెంట తేలుతూ వచ్చి, పాత ఏటి నడుమ బండల సందున కాలు తట్టుకుని నిటారుగా నిలబడింది. గళ్ళ అంగీ తడిసి ఒంటికి అంటుకుంది. కుండ మీద మీసాలు చెక్కుచెదరలేదు.



"మా అన్న సార్" అన్నాను.

"ఇంత వరదలోనా! ఎప్పటినుంచి ఉన్నాడు?"

"పొద్దటి సంది ఆడనే ఉన్నడు సార్."

"పైగా కవచం కూడా తొడుక్కున్నాడు. నువ్వు తొడుక్కోలేదు" అన్నారు నన్ను ఎగాదిగా చూసి. "మాట్లాడతాడా?"

"ఒకప్పుడు మాట్లాడేటోడు సార్. ఇప్పుడు మానేసిండు."

"చేపలకు భంగం కలిగేలా కదులుతాడా?"

"కదలడు సార్."

విశ్వంభరరావు గారు కాగితం తీసి, చినుకులు పడకుండా వంగి రాసుకున్నారు.

"సరిపోతాడు" అన్నారు.

జీపు పోయింది. చేన్లో విత్తుతున్న వదిన నడుము ఎత్తి ఏటి వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది.

"బతికుండంగ ఎన్ని ఆఫీసులు తిరిగెరా మీ అన్న. ఒక్కడన్న ఇచ్చిండా? సచ్చినంక దొరికింది సర్కారు నౌకరి."

అన్న ఏమీ అనలేదు. ఆయన కాళ్ళ చుట్టూ ముక్కుపుడకలు ఎదురెక్కుతున్నాయి.